మా పికప్ ముందు భాగం ఎంత లేపాలో కాంటా మీద తెలిసింది

బోడుప్పల్‌లో మాకు బోరు మోటార్లు బాగుచేసే షాపు ఉంది. నాయిన పెట్టిన షాపు, పదేళ్లుగా నేను చూసుకుంటున్నాను. మోటారు కాలిందని ఫోనొస్తే చైన్ బ్లాక్, మూడు కాళ్ల స్టాండు, పానాలు, కేబుల్ చుట్టలు బండిలో వేసుకుని బయల్దేరాలి. ఘట్‌కేసర్, కీసర, బీబీనగర్, ఒక్కోసారి భువనగిరి దాటి పల్లెల్లోకి. మార్చిలో మొదలైతే తొలకరి పడేదాకా ఊపిరి సలపదు.

బండి ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్, 2017 మోడల్, 2.5 లీటర్ల డీజిల్, ఫోర్ బై ఫోర్. శ్రీసిటీలో తయారైంది. ఈ బండిని నేను ఎంత ఇష్టపడి కొన్నానో మా ఇంట్లో అందరికీ తెలుసు. వానకు నల్లరేగడి పొలంలోకి దిగి మళ్లీ బయటికొచ్చే బండి నాకు అన్నం పెడుతుంది.

పికప్ నడిపేవాళ్లందరికీ తెలిసిన సంగతే, ఖాళీగా నిలబెడితే ముందు వంగి, వెనక ఎత్తుగా కనిపిస్తుంది. ఆ వాలు లోపం కాదు. ముందు ఇంజను బరువు ఎప్పుడూ ఒకటే కాబట్టి అక్కడ కాయిల్ స్ప్రింగులు పెట్టారు. వెనక కమాన్ కట్టలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపు ఇనుప పట్టీలు. అవి సరుకు మోయడానికి చేసినవి, ఖాళీగా ఉన్నప్పుడు పైకి లేచే ఉంటాయి. సరుకు పడితే దిగుతాయి, బండి సమానమవుతుంది. ఇదంతా నాకు అప్పుడూ తెలుసు. కానీ నా కష్టం వేరే. పొలం గట్టు ఎక్కేటప్పుడు ముందు బంపర్ కింది అంచు మట్టికి తగిలేది. రెండుసార్లు కింది ప్లాస్టిక్ పగిలింది. ఖాళీ బండి రూపం కూడా సరిగా ఉంటే బాగుండుననే కోరిక ఉంది, అది నిజమే.

అందుకని మూడేళ్ల కింద స్పేసర్లు వేయించాను. అల్యూమినియం బిళ్లలు, 24 మిల్లీమీటర్ల మందం. ముందు షాకబ్జర్, స్ప్రింగు కలిసి ఒక కట్టగా ఉంటాయి కదా, ఆ కట్ట తలకి, చాసిస్‌కి మధ్య ఈ బిళ్ల కూర్చుంటుంది. రెండు గంటల పని, ఖర్చు తక్కువ. షాపతను "ఒక అంగుళం బిళ్ల వేస్తే రెండు అంగుళాలు లేస్తుంది" అన్నాడు. ఆ మాట నిజమే. షాకబ్జర్ కింది చివర చక్రం దగ్గర కాకుండా కింది ఆర్మ్ (చక్రాన్ని చాసిస్‌కు కలిపే ఇనుప చెయ్యి) మధ్యలో ఎక్కడో బిగుస్తుంది. అక్కడ కొంచెం కదిలితే ఆర్మ్ చివరన ఉన్న చక్రం దాదాపు రెట్టింపు కదులుతుంది. నా బండి 48 మిల్లీమీటర్లు లేచింది. ఇంటి ముందు నిలబెట్టి ఫోటో తీసుకున్నాను. చాసిస్ గీత గీసినట్టు సమానంగా ఉంది.

తర్వాత ఏడు నెలల్లో జరిగినవి ఒక్కొక్కటిగా చెబుతాను, ఎందుకంటే ఇవన్నీ ఆ ఎత్తు పెంచిన పనితో ముడిపడి ఉన్నాయని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

మొదట హెడ్‌లైట్లు. వరంగల్ హైవే మీద రాత్రి ఎదురొచ్చే లారీలన్నీ డిప్పర్ కొట్టేవి. నేను లో బీమ్‌లోనే ఉన్నాను. బండి రెండు ఇరుసుల మధ్య దూరం దాదాపు 3.1 మీటర్లు. ముందు 48 మిల్లీమీటర్లు లేపితే, ఆ వాలు వల్లే 25 మీటర్ల దూరంలో వెలుగు దాదాపు 39 సెంటీమీటర్లు పైకి పోతుంది. ఎదుటి డ్రైవర్ కళ్లలో పడడానికి అది చాలు. డాష్‌బోర్డు మీద లైట్లు దించే చిన్న చక్రం ఉంది. అది సరుకు వేసినప్పుడు వెనక దిగితే సర్దుకోవడానికి ఇచ్చింది. అది చేయగలిగిన పనంతా స్పేసరే తినేసింది. సరుకు వేసిన రోజు ఇంక దించడానికి ఏమీ మిగల్లేదు.

రెండోది స్పీడ్ బ్రేకర్లు. మా కాలనీ నుంచి మెయిన్ రోడ్డు దాకా ఎనిమిది ఉన్నాయి. దిగేటప్పుడు ముందు చక్రాలు కిందికి వేలాడి చివరన 'ఠక్' మని తగిలేవి. నాయినకు నడుం నొప్పి. నెల తిరక్కుండానే ఆయన బండెక్కడం మానేసి, "నేను ఆటోల వస్త తియ్" అనేవాడు.

మూడోది స్టీరింగ్. సరుకు నిండుగా వేస్తే ముందు తేలిపోయినట్టుండేది. ఔటర్ రింగ్ రోడ్డు మీద 80 దాటితే చేతిలో పట్టు ఉండేది కాదు. తర్వాత ముందు టైర్ల లోపలి అంచులు అరిగాయి. ఎడమ వైపు సీవీ జాయింట్ (ఇంజను తిప్పుడును చక్రానికి అందించే కీలు) రబ్బరు బూటు చిరిగి గ్రీజంతా రిమ్ములోకి చిమ్మింది. చివరికి కింది ఆర్మ్ బుష్‌లు, అంటే ఆర్మ్ కీళ్లలో ఉండే రబ్బరు గొట్టాలు, చీలిపోయాయి.

ఆ బుష్‌లు మార్పించడానికే వనస్థలిపురం ఆటోనగర్ వెళ్లాను. అక్కడ కమాన్ పని చేసే ఒక ముసలి మిస్త్రీ దగ్గరికి మా తమ్ముడు తీసుకెళ్లాడు. లారీల కట్టలు విప్పి, పట్టీలు సాపు చేసి, సెంటర్ బోల్టు వేసి మళ్లీ కట్టే పని ఆయనది. ఆయన నా బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందు చక్రం వెనకాల చెయ్యి పెట్టి పై ఆర్మ్ తడిమి చూశాడు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది.

"అన్నా, రోజు ఎంత బరువేస్తవు?"

నేను చెప్పలేకపోయాను. "ఐదారు వందల కిలోలు ఉంటది కాకా" అన్నాను.

"ఉంటది అంటే ఎట్ల? మోటార్లు రిపేర్ చేసేటోనివి, ఆంపియర్లు అందాజగ చెప్తవా? పో, కాంటా పెట్టుకొనిరా. ఖాళీది ఒకటి, రోజువారీది ఒకటి, నిండుగ వేసింది ఒకటి. ముందట, ఎనక ఏరుగ తూకం కావాలె."

ఆ మాట నా మనసుకు తగిలింది. మోటారు వైండింగ్ చేసేటప్పుడు తీగ గేజీ కొలవకుండా నేను ఒక్క చుట్టు కూడా వేయను. సొంత బండికి మాత్రం కంటితో చూసి ఐదు సెంటీమీటర్లు లేపేశాను.

ఇసుక లారీలు తూచే కాంటా ఒకటి మా వైపే ఉంది. మూడు వేర్వేరు రోజులు వెళ్లాను. ముందు చక్రాలు మాత్రం ప్లాట్‌ఫారం మీద పెట్టి ఒక తూకం, బండంతా ఎక్కించి ఇంకో తూకం. రెండింటి తేడా వెనక ఇరుసు మీద బరువు. ట్యాంకు నిండా డీజిల్, సీట్లో నేను. ఖాళీ బండి ముందు 1,120, వెనక 840 కిలోలు. రోజువారీ సామానుతో ముందు 1,120, వెనక 1,140. అంటే నేను అనుకున్న ఐదారు వందలు కాదు, రోజూ మోసేది 300 కిలోలే. నాలుగైదు మోటార్లు, పెద్ద స్టాండు, పైపులు అన్నీ వేసుకున్న రోజు ముందు 1,080, వెనక 1,480. అలాంటి రోజులు నెలకు నాలుగు వస్తాయేమో.

ఆ చివరి కాగితం చూసి మిస్త్రీ వేలు పెట్టి చూపించాడు. ఆరు వందల కిలోలు ఎక్కిస్తే ముందు బరువు పెరగకపోగా నలభై కిలోలు తగ్గింది. స్టీరింగ్ తేలిపోవడానికి సగం కారణం అదే. మోటార్లు దించుకోవడం సులువని వెనక డోరు దగ్గరే పెట్టేవాళ్లం. స్టాండు కాళ్లు వెనక్కి పొడుచుకుని ఉండేవి. వెనక ఇరుసు దాటి వేలాడే బరువు ముందు చక్రాలను పైకి ఎత్తుతుంది, తూగుడు బల్ల లాగా.

"స్ప్రింగు సంగతి తర్వాత. పహెలే సామాను సర్దుకో" అన్నాడు.

సర్దాము. మోటార్లు క్యాబిన్ గోడకు ఆనించి అడ్డంగా పడుకోబెట్టి, రాట్చెట్ బెల్టుతో కట్టాము. స్టాండు కాళ్లకు క్యాబిన్ పైన కడ్డీ వేసి ముందుకు జరిపాము. మళ్లీ కాంటాకు తీసుకెళ్తే అదే సరుకు, అదే 2,560 కిలోలు, ముందు 1,130, వెనక 1,430. పైసా ఖర్చు లేకుండా ముందు ఇరుసుకు యాభై కిలోలు తిరిగొచ్చాయి. హెల్పర్ పిల్లాడికి మోటారు లాగడానికి కొంచెం కష్టం పెరిగింది, అందుకని బెడ్ మీద ఒక ఇనుప రేకు పరిచాము, జారుతుంది.

తర్వాత వాలు కొలవాలి. చాలామంది చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపు పెట్టి, ముందు ఇంత వెనక ఇంత అని తేడా తీస్తారు. ఆ తేడాకు అర్థం లేదు. ముందు ఫెండర్ కమాను, వెనక ఫెండర్ కమాను ఒకే ఎత్తున కోసినవి కావు. ఆ కొలత ఒకే మూల ముందూ తర్వాతా ఎంత మారిందో చూసుకోవడానికి పనికొస్తుంది. అందుకు మాత్రం అదే మంచి కొలత, ఎందుకంటే టైరు అరిగినా గాలి తగ్గినా అది మారదు. బండి వాలు తెలియాలంటే చాసిస్ రెయిల్ (బండి పొడవునా ఉండే ఇనుప దూలం) మీదే కొలవాలి.

మేస్త్రీలు గోడలకు వాడే నీళ్ల పైపు తెచ్చాను. స్పేసర్లు తీయించేశాక, షాపు వెనక సిమెంటు గచ్చు మీద బండి నిలబెట్టి, పైపు ఒక చివర ముందు ఇరుసుకు సూటిగా పైన రెయిల్ దగ్గర, ఇంకో చివర వెనక ఇరుసుకు పైన. తమ్ముడు ఒక వైపు, నేను ఒక వైపు. నీళ్లు ఊగడం ఆగేదాకా కదలకుండా ఉండాలి. గచ్చు వాలుగా ఉందేమోనని అదే పైపుతో ముందు నేలను కూడా చూశాము, 4 మిల్లీమీటర్లు తేడా వచ్చింది, అది తీసేశాము. ఖాళీగా ముందు 50 మిల్లీమీటర్లు పల్లం. రోజువారీ 300 కిలోలతో 24. నిండు సరుకుతో దాదాపు సమానం.

ఇప్పుడు లెక్క తేలిపోయింది. నేను మూడేళ్ల కింద సమానం చేసింది ఖాళీ బండిని. ఖాళీ బండితో నేను వెళ్లేది ఆదివారం కూరగాయలకు. సమానం కావాల్సింది రోజువారీ బండి. దానికి ముందు లేపాల్సింది 48 కాదు, ఇంచుమించు 25. అప్పుడు ఖాళీగా 25 పల్లం మిగులుతుంది, ఉండనీ. నిండు సరుకు రోజు ముందు 25 ఎత్తవుతుంది, దానికి లైట్ల చక్రం సరిపోతుంది. గట్టు తగలకుండా నాకు కావాల్సిన ఎత్తు కూడా అంతే.

ఆ 25 ఎలా తేవాలి అన్నది తర్వాతి సంగతి. ఇక్కడ నేను చాలా రోజులు తర్జనభర్జన పడ్డాను.

పైన పెట్టే బిళ్ల మళ్లీ వద్దనుకున్నాను. పలచటిది వేస్తే ఇంత నష్టం ఉండదు, నిజమే. కానీ అది చేసే పనేమిటో అర్థమయ్యాక మనసొప్పలేదు. స్ప్రింగు మారదు, షాకబ్జర్ మారదు, మొత్తం కట్ట కిందికి జరుగుతుంది. చక్రం ఫ్యాక్టరీ అనుకున్నదానికంటే ఇంకా కిందికి వేలాడగలదు, అక్కడ సీవీ జాయింటు, బాల్ జాయింటు ఎక్కువ వంకరలో తిరుగుతాయి. గుంతలో పడినప్పుడు పైకి వచ్చే వైపు ఇంకో ప్రమాదం. బిళ్ల మందంగా ఉంటే చక్రం రబ్బరు స్టాపర్‌కు తగలకముందే షాకబ్జర్ లోపల అడుగు తగులుతుంది. దెబ్బ తినాల్సిన రబ్బరు ఖాళీగా ఉంటుంది, దెబ్బ తినకూడని రాడ్డు తింటుంది.

స్ప్రింగు నొక్కి లోపల పెట్టే బిళ్ల ఇంకో రకం. దాంతో స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది నమ్మకం. గట్టిపడదు. స్ప్రింగు అదే, దాన్ని ముందే కొంచెం నొక్కి ఉంచుతున్నాం, అంతే. బండి లేస్తుంది. చక్రం ఎంత కిందికి పోగలదన్న హద్దు మారదు కాబట్టి, జాయింట్లకు ఇది కొంత నయం. కానీ ఎత్తు పెరిగిన మేరకు కిందికి వేలాడే చోటు తగ్గుతుంది. స్పీడ్ బ్రేకర్ దిగుతుంటే షాకబ్జర్ తొందరగా చివరికొచ్చి కొట్టుకుంటుంది. నాయిన నడుం కోసమైనా అది వద్దు.

మరలు తిప్పి ఎత్తు సర్దుకునే కాయిలోవర్లు చూశాను. వస్తువు చాలా బాగుంది. కానీ మా పని బురదలో. ఆ మరల నిండా రేగడి పట్టి ఎండితే రెండు వర్షాకాలాల తర్వాత అవి తిరుగుతాయన్న నమ్మకం నాకు లేదు. పైగా నాకు కావాల్సింది ఒకే ఎత్తు. పాత బండ్లలో కొన్నింటికి ముందు కాయిల్ బదులు టార్షన్ బార్ (మెలిపడి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) ఉంటుంది, వాళ్లు ఒక బోల్టు తిప్పి లేపుకుంటారు. మా బండికి ఆ మాటే లేదు.

వెనక దించేద్దాం అని సలహా ఇచ్చినవాళ్లున్నారు. కట్టలోంచి ఒక పట్టీ తీసేస్తే సమానం అయిపోతుందట. నా మాట వినండి, సరుకు మోసే బండికి ఆ పని ఎప్పుడూ చేయకండి. మిగిలిన పట్టీల మీద ఆ బరువంతా పడుతుంది, విరిగేది హైవే మీదే. ఇంకో పట్టీ ఎక్కించమన్నవాళ్లూ ఉన్నారు. అప్పుడు ఖాళీ బండి వెనక ఇంకా లేస్తుంది, గుంతల్లో గుర్రంలా ఎగురుతుంది. మిస్త్రీ చేతిలో ఉన్న పనే అది, ఆయనకు నాలుగు రూపాయలు వచ్చేది. అయినా వద్దన్నాడు. కట్ట విప్పి పట్టీల మధ్య తుప్పు గీకి, సెంటర్ బోల్టు, షాకిల్ బుష్‌లు, యు-బోల్టులు కొత్తవి వేసి మళ్లీ కట్టాడు.

కాబట్టి మిగిలింది కొత్త స్ప్రింగులు, వాటికి తగ్గ షాకబ్జర్లు. డి-మ్యాక్స్ థాయిలాండ్‌లో, ఆస్ట్రేలియాలో బాగా నడుస్తుంది కాబట్టి ఈ బండి విడిభాగాలకు కరువు లేదు. ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్, టఫ్ డాగ్ ఆస్ట్రేలియావి, ప్రొఫెండర్ థాయిలాండ్‌ది. కంపెనీ పేరు మీద గంటలు వాదించుకుంటాం గానీ, కొనేముందు చూడాల్సింది స్ప్రింగు నంబరు. ఒకే బండికి ముందు స్ప్రింగులు రెండు మూడు రకాలు ఉంటాయి. మామూలు బంపర్ ఉన్న బండికి ఒకటి, ఇనుప బంపర్ బిగించినదానికి ఒకటి, బంపర్‌తో పాటు వించ్ (ఇరుక్కున్న బండిని లాగే తాడు చక్రం) కూడా ఉన్నదానికి ఇంకొకటి. నేను వెళ్లినచోట ఇనుప బంపర్ రకం మాత్రమే స్టాకులో ఉంది. "గట్టిగ ఉంటది, మంచిదే కదా" అన్నారు. నా బండికి ముందు అదనంగా ఒక్క కిలో లేదని కాంటా కాగితం చెబుతోంది. బరువైన స్ప్రింగు వేస్తే కావాల్సినదానికంటే ఎత్తుగా లేస్తుంది, నడక రాయిలా ఉంటుంది, మళ్లీ మొదటికే వస్తాం. ఐదు వారాలు ఆగి తేలిక రకం తెప్పించుకున్నాను. ఆ డబ్బుతో షాపుకు ఇంకో చైన్ బ్లాక్, రెండు చుట్టల పైపు వచ్చేవి. అయినా బాధ లేదు.

షాకబ్జర్లు కూడా ఎందుకంటే, పాతవాటిలో ఒకటి అప్పటికే కారుతోంది. కారకపోయినా మార్చేవాణ్ని. స్ప్రింగు తోసే తోపును తిరుగుదెబ్బలో ఆపేది షాకబ్జరే. గట్టి స్ప్రింగుకు అలసిపోయిన షాకబ్జర్ జత చేస్తే బండి ఊయలైపోతుంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది. రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని అది చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. స్పేసర్లు వేయించినప్పుడు నేను దీని గురించి ఆలోచించనే లేదు. ఈసారి కొనకముందే ఇన్సూరెన్స్ వాళ్లకు ఏం మారుస్తున్నానో, ఎంత ఎత్తు మారుతుందో రాసి పంపి, జవాబు రాతపూర్వకంగా తీసుకుని ఫైల్లో పెట్టుకున్నాను. ఎవరైనా సరే పానా పట్టుకోకముందే ఈ పని చేయండి.

బిగింపు రోజు నేను పక్కనే ఉన్నాను. స్ప్రింగు నొక్కేటప్పుడు సరైన కంప్రెసర్ వాడారా అని చూసుకోండి. నొక్కిన స్ప్రింగు జారితే మనిషి ప్రాణం పోతుంది. గొలుసులతో కట్టి నొక్కే చోట నేనైతే ఒక్క నిమిషం ఉండను.

అన్నింటికంటే నేను నేర్చుకున్నది కింది ఆర్మ్ బోల్టుల దగ్గర. కట్ట ఎక్కించి, బాల్ జాయింటు, స్టెబిలైజర్ లింకు అన్నీ బిగించాక, ఆర్మ్ లోపలి బోల్టులు మాత్రం వదులుగానే ఉంచారు. నేను అడిగితే మిస్త్రీ చెయ్యెత్తి ఆగమన్నాడు. చక్రాలు వేసి, జాకీ దించి, బండిని నాలుగు గజాలు ముందుకు, నాలుగు గజాలు వెనక్కి నడిపించాడు. బంపర్ మీద ఇద్దరం కూర్చుని లేచాము. బండి తన ఎత్తుకు తాను కుదురుకుంది. అప్పుడు గుంతలోకి దిగి, బండి బరువు చక్రాల మీదే ఉండగా, ఆ బోల్టులు టార్క్ పానాతో బిగించాడు. పైకొచ్చి పాత బుష్ ఒకటి నా చేతిలో పెట్టాడు. రబ్బరు ఒక వైపుకు మెలి తిరిగి చీలి ఉంది.

"ఇది అరిగింది కాదు. చక్రం గాలిల ఏలాడంగ బిగిస్తే రబ్బరు ఆడనే అంటుకుంటది. బండి దించినంక రాత్రి పగలు మెలిపడే ఉంటది. ఎన్ని దినాలు ఓర్చుకుంటది పాపం?"

నా మొదటి షాపులో చక్రాలు వేలాడుతుండగానే బిగించిన దృశ్యం నా కళ్ల ముందుకొచ్చింది. ఆ బుష్ నా టేబుల్ సొరుగులో ఇంకా ఉంది. షాపుకొచ్చే బండి పిచ్చి ఉన్న పిల్లలకు తీసి చూపిస్తుంటాను.

తర్వాత జాకీ మీద ఒక్కో చక్రం పూర్తిగా వేలాడదీసి చూశాము. పై ఆర్మ్‌కీ స్ప్రింగుకీ మధ్య నా చూపుడు వేలు దూరేంత సందు ఉంది. బ్రేకు పైపు బిగుసుకోలేదు. స్టీరింగ్ రెండు చివర్లకూ తిప్పినా సీవీ బూటు మడతలు ఒకదానికొకటి రాసుకోలేదు. ఈ ఎత్తుకు పై ఆర్మ్ మార్చాల్సిన పని లేదు. 50 దాటి లేపేవాళ్లు దానికి కూడా డబ్బు పక్కన పెట్టుకోవాలి.

అక్కడి నుంచి నేరుగా వీల్ అలైన్‌మెంట్‌కు. ముందు కాగితం, తర్వాత కాగితం రెండూ ప్రింటు ఇవ్వమని అడిగాను. మామూలుగా టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటి సరిచేసి పంపుతారు. ఎత్తు మారిన బండికి క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు), క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ ఇరుసు వాలు) కూడా హద్దుల్లో ఉన్నాయో లేదో కళ్లతో చూసుకోవాలి. రెండు వైపులా ఉన్నాయి.

ఆ రాత్రి హెడ్‌లైట్లు. స్ప్రింగులు మార్చకముందే షాపు వెనక గోడకు 8 మీటర్ల దూరంలో బండి నిలబెట్టి, లో బీమ్ పై అంచు ఎక్కడ పడుతుందో సుద్దముక్కతో గీత గీసి ఉంచాను. టైర్లు నిలబడిన చోట పెయింటుతో గుర్తులు కూడా. ఇప్పుడు అదే గుర్తుల మీద నిలబెడితే వెలుగు గీతకు పైన పడింది. బానెట్ ఎత్తి, స్క్రూ కొంచెం కొంచెం తిప్పుతుంటే తమ్ముడు గోడ దగ్గర నిలబడి "ఇంకా, ఇంకా, ఆపు" అంటూ చెప్పాడు. రెండూ పాత గీత మీదికి దిగాయి. డాష్‌బోర్డు చక్రం సున్నా దగ్గరే ఉంది, సరుకు రోజుకు మొత్తం మిగిలింది.

బిగించిన రోజు కొలత, చక్రం మధ్య నుంచి ఫెండర్ దాకా: ఎడమ 31 మిల్లీమీటర్లు పెరిగింది, కుడి 36. డ్రైవరు వైపు పాత స్ప్రింగు ఎక్కువ కుంగినందువల్ల ఆ తేడా. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ కొలిస్తే ఎడమ 27, కుడి 31. కొత్త స్ప్రింగులు ఆ మాత్రం కుదురుకుంటాయి, అందుకే మొదటి వారం కొలిచి అది ఆఖరి లెక్క అనుకోవద్దు. 25 అనుకున్నాను, రెండు కలిపి చూస్తే 29 దగ్గర నిలిచింది. నీళ్ల పైపు పెడితే రోజువారీ సామానుతో ముందు 5 ఎత్తు. దీనికి మిస్త్రీ ఏమంటాడోనని ఫోన్ చేసి చెప్పాను. "టూల్ బాక్సు ఇంకో జానెడు ముందుకు జరుపు" అన్నాడు. జరిపాను.

ఇప్పటికి పదకొండు వేల కిలోమీటర్లు తిరిగింది. ముందు టైర్లు రెండు అంచులూ సమానంగా అరుగుతున్నాయి, నెలకోసారి గాడి లోతు కొలిచి డైరీలో రాస్తున్నాను. కుడి స్టెబిలైజర్ లింకు దగ్గర చిన్న చప్పుడు మొదలైంది, వచ్చే ఆదివారం ఆటోనగర్ వెళ్లాలి. నాయిన కూడా వస్తానన్నాడు, బండిలోనే.